సీనియారిటీ ప్రకారం తెలివి

మనుషులందరికీ తెలివి ఒకే మోతాదులో ఎందుకు ఉండదు అన్న ప్రశ్న తరతరాలుగా పండితుల బుర్రలు తింటూ వచ్చింది. కొందరు పుట్టుక అన్నారు, కొందరు పెంపకం అన్నారు, ఇంకొందరు రెండూ అని తప్పించుకున్నారు. దాన్ని ఒకే ఒక్క ఆర్థిక సంవత్సరంలో, నిధులు మురిగిపోకముందే తేల్చి అవతల పారేసిన ఘనత రాష్ట్ర బుద్ధి వికాస మండలిది. ఆ మండలిలో పరీక్షాధికారిగా పనిచేసే చిలువేరు ఇందుమతి దగ్గర మాత్రం ఈ ఘనత ఊసెత్తకండి. ఆవిడకు ఒళ్లు మండుతుంది.

పేరు గంభీరంగా ఉంది గానీ మండలి అదేమంత పెద్ద కార్యాలయం కాదు. రాజధానిలో జాగా దొరక్క, కరీంనగర్‌లో ఒక పాత విత్తనాల గోదాముకు సున్నం కొట్టించి, లోపల చెక్క అడ్డాలు పెట్టి, బయట బోర్డు తగిలించారు. చదువులో, మాటలో, పనిలో వెనకబడ్డ పిల్లల్ని తల్లిదండ్రులు అక్కడికి తీసుకొస్తారు. ఇందుమతి వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని రంగు చెక్కముక్కలు పేర్పిస్తుంది, బొమ్మలు చూపిస్తుంది, అంకెలు తిరిగి చెప్పిస్తుంది, చివరికి ఎంత వచ్చిందో కాగితం మీద వేస్తుంది. ఆ అంకె ఒక హద్దుకు దిగువన ఉంటే బుద్ధి మాంద్యం సర్టిఫికెట్ వస్తుంది. సర్టిఫికెట్ ఉంటే గోదాము వెనకున్న చేయూత బడిలో సీటు వస్తుంది. అక్కడ గుండీలు పెట్టుకోవడం, నోట్లు గుర్తుపట్టడం, రోడ్డు దాటడం, బస్సు ఎక్కి దిగడం నేర్పుతారు. ఇదీ ఒక చదువేనా అని మనకు అనిపించవచ్చు. ఆ పిల్లల తల్లులకు మాత్రం అంతకు మించిన చదువు లేదు.

ఆ బడిలో ఇందుమతికి అందరికంటే దగ్గరైన పిల్ల నవనీత. పుట్టినప్పుడు ఊపిరి అందక ఒళ్లంతా నీలంగా మారిందట. పద్నాలుగేళ్లు నిండాయి గానీ మాట నెమ్మది, చేయి నెమ్మది. తండ్రి ఎటు పోయాడో పోయాడు. తల్లి స్వరూప బీడీలు చుట్టి ఈ పిల్లనూ, దాని తమ్ముణ్ణీ సాకుతోంది. నవనీత తన చొక్కా గుండీలు తానే పెట్టుకున్న రోజున స్వరూప బడంతా చాక్లెట్లు పంచింది. ఇప్పుడు రోడ్డు దాటడం నేర్చుకుంటోంది. కుడివైపు చూడటం వచ్చింది, ఎడమవైపు చూడటం ఇంకా రావాలి.

“నేను పోయినంక నా బిడ్డ ఒక్కతే దుకాణం దాక పోయి రావాలె మేడం. ఇంకేం అడుగ నేను” అంటుంది స్వరూప.

సర్టిఫికెట్ మాత్రం ఏటా కొత్తగా రాయించుకోవాలి. బుద్ధి మాంద్యం ఏడాది తిరిగేసరికి దానంతట అదే తగ్గిపోయి ఉండవచ్చునని ప్రభుత్వానికి ఒక అనుమానం.

మండలి ఉన్నట్టు ఎవరికీ తెలియనంత కాలం పని సజావుగా సాగింది. అప్పుడు కొత్త కమిషనర్ విశ్వంభర్ గారు వచ్చారు. అంతకుముందు ఆయన తూనికలు, కొలతల శాఖలో ఉండేవారు. కిలో అంటే ఆదిలాబాద్‌లోనైనా అలంపురంలోనైనా కిలోయే అన్న సూత్రం మీద సర్వీసంతా గడిపిన మనిషి. వచ్చిన రోజే పరీక్షల రిజిస్టరు తెప్పించుకుని తిరగేశారు. ఒక పిల్లకు ఒక అంకె, ఇంకో పిల్లకు ఇంకో అంకె. ఆయన ముఖం వాడిపోయింది.

“ఇదేంటమ్మా, ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంది?” అని ఇందుమతిని అడిగారు.

“పిల్లలు ఒక్కో తీరుగా ఉంటరు కద సార్.”

“ఈ తేడా ఎప్పటినుంచి నడుస్తోంది?”

“మొదటినుంచీ ఉన్నదే సార్.”

“మరి ఇన్నాళ్లూ పై అధికారుల దృష్టికి ఎందుకు తీసుకురాలేదు?”

కమిషనర్ గారు ఫైలు తెరిపించారు. ‘ప్రజల తెలివితేటలలో వ్యత్యాసములు, కారణములు, నివారణ చర్యలు’ అని దాని పేరు. తెలివి వంశపారంపర్యంగా వచ్చేదా అని రెవెన్యూ వారికి లేఖ వెళ్లింది, వారసత్వాలు చూసేది వాళ్లే కాబట్టి. ‘సదరు ఆస్తికి సంబంధించి మా రికార్డులలో పట్టా గానీ, మరణానంతర ఫౌతీ మార్పిడి గానీ నమోదు కాలేదు. కావున వారసులకు సంక్రమించు ప్రశ్న ఉత్పన్నము కాదు’ అని జవాబొచ్చింది. పోనీ పరిసరాల ప్రభావమా అని కాలుష్యం చూసేవాళ్లకు రాశారు. ‘ఆలోచనల నుండి పొగ గానీ, వ్యర్థ జలములు గానీ వెలువడనంతవరకు అవి మా పరిధిలోనికి రావు’ అని వాళ్లు రాశారు. పుట్టుక కారణం కాదని ఒక శాఖ, పరిసరాలు కారణం కాదని ఇంకో శాఖ లిఖితపూర్వకంగా తేల్చాక మిగిలిన కారణం ఒక్కటే. పరిపాలనా లోపం.

ఇందుమతి తనకు చేతనైనంత చెప్పి చూసింది.

“మనసు పనిచేసే తీరు ఒక్కటి కాదు సార్. ఒక పిల్లకు విన్నది నిలుస్తది, చూసింది నిలువది. ఇంకొక పిల్లకు లెక్క గబుక్కున తడ్తది, మాట రాదు. పుట్టుకతోని వచ్చేది కొంత, కడుపుల ఉన్నప్పుడు తల్లి తిన్న తిండి కొంత, పక్కన కూసుండి నేర్పేటోళ్లు ఉన్నరా లేరా అన్నది కొంత. ఏది ఎంత అని విడదీసి చెప్పుడు ఎవ్వరితోని అయ్యేది కాదు. నా పరీక్షల అంకె కూడ ఆ పిల్ల ఆ పొద్దు ఎంత చేసిందో చెప్తది, అంతే.”

కమిషనర్ గారు ఓపిగ్గా విన్నారు. “ఇన్ని కారణాలుంటే ఫైలు ఎట్లా మూస్తామమ్మా? ఏదో ఒకటి రాసుకురండి” అన్నారు.

ఆమె రాసుకురాలేదు. దాంతో కమిషనర్ గారే ముందడుగు వేశారు. ప్రజల్ని కొలిచేవాళ్లు ముందు తామే కొలతకు నిలబడాలని, అదే తూనికల శాఖ తనకు నేర్పిన నీతి అని, మండలి సిబ్బంది అంతా పరీక్ష రాయాలని ఉత్తర్వు వేశారు. తక్కెడ పట్టేవాడే ముందు తక్కెడ ఎక్కాలన్న ఆలోచన విని సిబ్బంది చప్పట్లు కొట్టారు. లోపల ఎవరి గుండె ఎట్లా కొట్టుకుందో బయటికి వినపడలేదు.

ఇందుమతి అందరికీ అదే పరీక్ష పెట్టింది. కమిషనర్ గారు రంగు చెక్కముక్కల వంక కాసేపు చూసి, “దీని మీద సెక్షన్ రిమార్క్స్ ఏవి?” అని అడిగారు. ఎవరి రిమార్క్సూ లేకుండా సొంతంగా చేయాలని ఆమె చెప్పింది. సర్వీసులో చేరాక ఆయన్ని అట్లాంటి కోరిక కోరినవాళ్లు లేరు. ఆయన చేతులు తుడుచుకుని, ముక్కల్ని రంగుల వారీగా వరస పెట్టి, కింద సంతకం ఎక్కడ చేయాలని అడిగారు.

ఫలితాలు వచ్చాయి. అందరికంటే ఎక్కువ వచ్చింది కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంట్ మహేందర్‌కు. ఇందులో వింతేమీ లేదు. ఉద్యోగం కోసం కోచింగ్ సెంటర్లో ఏళ్ల తరబడి అట్లాంటి బొమ్మల లెక్కలే చేసిన మనిషి, చెయ్యి తిరిగి ఉంది. ఆ మాటే ఇందుమతి చెప్పబోయింది, ఎవరూ వినిపించుకోలేదు. ఎందుకంటే అక్కడినుంచి హోదా పెరిగిన కొద్దీ అంకె తగ్గుతూ పోయి, కమిషనర్ గారి దగ్గరికి వచ్చేసరికి సర్టిఫికెట్ హద్దుకు కాస్త పైన ఆగింది. ఆ కాస్తయినా ఉన్నందుకు ఇందుమతి దేవుడికి దండం పెట్టుకుంది.

అత్యవసర సమావేశం జరిగింది. మహేందర్‌ను భద్రాచలం బదిలీ చేద్దామని ఒకరు అన్నారు. పై అధికారుల కంటే అధికమైన తెలివిని ప్రదర్శించినందుకు సంజాయిషీ అడుగుదామని ఇంకొకరు అన్నారు. తన తెలివి తగ్గించుకోవడానికి అభ్యంతరం లేదని మహేందర్ స్వయంగా లేచి చెప్పాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాడు అంతకంటే ఏం చెప్తాడు.

అప్పుడు ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్ గుండవరం నరహరి రావు గొంతు సవరించుకున్నాడు. సర్వీసు రూల్సు తప్ప ప్రపంచంలో ఇంకేదీ చదవని మనిషి. పెళ్లి పత్రిక చేతికిచ్చినా ప్రతులు ఎవరెవరికి పంపారో కింద వెతుక్కుంటాడు.

“దీనికి కొత్త రూలేం అక్కర లేదు సార్, ఉన్న రూలే సరిపోతది” అన్నాడు. “సీనియర్ కంటె జూనియర్‌కు జీతం ఎక్కువ పడ్డదనుకోన్రి, ఏం జేస్తం? జూనియర్‌ది కోస్తమా? కోయం. సీనియర్‌ది జూనియర్ దాక లేపుతం. స్టెప్పింగ్ అప్ అంటం దాన్ని. తెలివికి గూడ గంతే.”

గదిలో అందరి ముఖాలూ విప్పారాయి. ఇందుమతి ఒక్కతే లేచి నిలబడింది.

“జీతం మనం ఇచ్చేది కాబట్టి మనం పెంచుతం సార్. తెలివి మనం ఇచ్చింది కాదు గద.”

“తెలివి నంబరు ఎవరు ఇచ్చిన్రమ్మా?” అన్నాడు నరహరి రావు మెత్తగా.

“నేనే.”

“మీరు ఎవరు?”

“పరీక్షాధికారిని.”

“మరి ప్రభుత్వ ఉద్యోగి ఇచ్చిన నంబరును ప్రభుత్వం సవరించగూడదా?”

ఇందుమతి కూర్చుంది. ఆ సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. ‘జూనియర్ అసిస్టెంట్ శ్రీ మహేందర్ యొక్క తెలివి తన సీనియర్ల తెలివిని మించియుండుట అసంగతముగా భావించి, సదరు అసంగతమును తొలగించు నిమిత్తము, సీనియర్లందరి తెలివిని శ్రీ మహేందర్ తెలివితో సమానము చేయుచూ ఇందుమూలముగా ఉత్తర్వులు జారీచేయడమైనది.’ టైపిస్టు నుంచి కమిషనర్ దాకా అందరి తెలివీ ఒక్క సంతకంతో పైకి లేచింది. మండలిలో లడ్డూలు పంచారు.

మర్నాటినుంచి కమిషనర్ గారి నడకే మారింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. ఫైళ్ల మీద ‘చర్చించండి’ అని రాయడం మానేసి ‘ఆలోచించండి’ అని రాయసాగారు. ఎవరేం చెప్పినా సగంలో ఆపి, “అర్థమైంది” అనేవారు. ఇంటి దగ్గర కూడా ఇదే పద్ధతి మొదలుపెడితే ఆయన భార్య మొదటి రోజే అణచివేసిందని డ్రైవర్ చెప్పాడు.

కబురు పెన్షనర్ల సంఘానికి చేరింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకంటే రిటైరైనవాళ్లు సీనియర్లు కాబట్టి వాళ్లకు తెలివి ఇవ్వకపోవడం అన్యాయమని ధర్నా చేశారు. వాళ్లకూ ఇచ్చారు. చనిపోయినవాళ్లకు కాగితం మీద మటుకు పెంచుతూ, నియామక తేదీ నుంచి వర్తించేలా కుటుంబాలకు ఉత్తర్వులు పంపారు. ఎప్పుడో పోయిన రికార్డు అసిస్టెంట్ భార్య రాజేశ్వరమ్మ ఆ ఉత్తర్వు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

“ఉన్నప్పుడు ఇస్తే బాగుండు సార్” అంది. “ఇల్లు కట్టుకుంట కట్టుకుంట వంటింటికి కిటికీ పెట్టుడు మర్శిండు. ముప్పయేండ్లు పొగల వండిన.”

ఇక్కడితో ఆగి ఉంటే నవ్వి ఊరుకోవచ్చు. ఆఫీసులో ఎవరికెంత తెలివి ఉందని రాసుకున్నా లోకానికి పోయేదేమీ లేదు, ఆఫీసు నడిచేది దాని మీద కాదు. కానీ ఒక శాఖలో తేడా లేకుండా చేయగలిగినప్పుడు రాష్ట్రంలో ఎందుకు చేయకూడదని కమిషనర్ గారికి అనిపించింది. ఆయన తెలివి పెరిగింది కదా. సమాన బుద్ధి పథకం పుట్టింది. అయితే ప్రజల్లో సీనియర్ ఎవరు, జూనియర్ ఎవరు?

“ముందు పుట్టినోడు సీనియర్ సార్” అన్నాడు నరహరి రావు. “ఒక తల్లి కడుపు ఒక క్యాడర్ యూనిట్. తమ్మునికి ఎక్కువుండి అన్నకు తక్కువుంటే అన్నను లేపుడే.”

చేయూత బడిలో సగం మంది పిల్లలకు తమ్ముళ్లో చెల్లెళ్లో ఉన్నారు. మామూలు తెలివి ఉన్నవాళ్లు, వాళ్లతో సమానం చేస్తే ఈ పిల్లల సర్టిఫికెట్లు పోతాయి. ఇందుమతి ఆ మాట చెప్పింది, రాసి కూడా ఇచ్చింది. ఆ పిల్లలు పెద్దపిల్లలై పుట్టి ఇన్నాళ్లూ తమకు న్యాయంగా రావలసిన తెలివికి నోచుకోలేదని, పథకం ప్రథమంగా వాళ్లకోసమేనని కమిషనర్ గారు దాని కింద రాశారు. ఆఖరి పిల్లల సంగతేమిటని ఆమె మళ్లీ అడిగింది. వాళ్ల కింద జూనియర్లు లేరు కదా, వాళ్ల సర్టిఫికెట్లయినా మిగులుతాయని ఆశ. అట్లాంటి వారి విషయంలో చిన్నాన్న పిల్లలు, పినతల్లి పిల్లలను లెక్కలోకి తీసుకోవచ్చునని నరహరి రావు సవరణ తెచ్చాడు.

నవనీత సర్టిఫికెట్ గడువు అప్పుడే ముగిసింది. ఇందుమతి పరీక్ష పెట్టింది, ఎప్పుడూ వచ్చే అంకే వచ్చింది. సర్టిఫికెట్ రాసి సంతకానికి పంపింది. తిరిగి వచ్చింది సర్టిఫికెట్ కాదు, ఉత్తర్వు. నవనీత తమ్ముడు వంశీకి వాళ్ల బడిలో సర్వే పరీక్ష పెట్టారు. వాడికెంత వచ్చిందో అక్కకూ అంతే ఇస్తూ, అది తమ్ముడు పుట్టిన తేదీ నుంచి అమలైనట్టు పరిగణించారు. అందువల్ల ఆ పిల్ల చేయూత బడిలో చదవడానికి అనర్హురాలు. వయసును బట్టి తొమ్మిదో తరగతిలో చేరవలసింది.

ఇందుమతి తల్లీ కూతుళ్లను వెంటబెట్టుకుని కమిషనర్ గారి గదికి వెళ్లింది. పిల్లను కళ్లతో చూస్తే మనిషన్నవాడు కరుగుతాడని ఆమె నమ్మకం. నవనీత కుర్చీలో కూర్చుని బల్ల మీది గంట వంక చూసింది, వేలితో నొక్కింది. అటెండర్ లోపలికి వచ్చాడు. పిల్లకు సంబరమైంది. మళ్లీ నొక్కింది, మళ్లీ వచ్చాడు.

“చూశారా, గంట ఎందుకో కనిపెట్టేసింది” అన్నారు కమిషనర్ గారు. “ఉద్యోగంలో చేరినప్పుడు నాకు వారం పట్టింది.”

స్వరూప చేతులు కట్టుకుని నిలబడింది. “సార్, కాయిదం వచ్చి చాన దినాలాయె. నా బిడ్డ అప్పుడెట్లున్నదో గిప్పుడు గట్లనే ఉన్నది. తొమ్మిదో తరగతిల కూసోబెడితే ఒక్కనాడే బెంచీ కింద దూరి ఏడ్సింది. మీరిచ్చిన తెలివి యాడికొచ్చిందో తెలుస్తలేదు సార్.”

“ప్రభుత్వం మంజూరు చేసిందమ్మా. అమలులో కొంత జాప్యం సహజం. అందిందో లేదో చూసుకోవలసిన బాధ్యత లబ్ధిదారుది.”

“మాకద్దు సార్. వాపస్ తీసుకోన్రి. మా బడి మాకియ్యిన్రి.”

కమిషనర్ గారు బిత్తరపోయి నరహరి రావును పిలిపించారు. ఇచ్చిన తెలివి వద్దనే మనిషి రాష్ట్రంలో ఉంటుందని ఆయన అనుకోలేదు. నరహరి రావుకు దీనికీ రూలు ఉంది.

“ప్రమోషన్ అద్దన్నోళ్లు రాసిస్తరు గద సార్, వదులుకుంటున్నమని. గట్ల రాసియ్యొచ్చు. కాని లబ్ధిదారే రాయాలె, స్వదస్తూరితోని. మన ముందట రాయాలె. తల్లి రాస్తే చెల్లది.”

“రాయగలిగితే ఈ పిల్లను ఇక్కడికెందుకు తెస్తం సార్?” అంది ఇందుమతి.

“రాయకపోతే ఆ పిల్లకు అద్దని మనకెట్ల తెలుస్తదమ్మా?” అన్నాడు నరహరి రావు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. మూర్ఖత్వం వెటకారం చేస్తే ఎదుర్కోవచ్చు, మర్యాదగా ప్రశ్నలు అడిగితే మనిషి చేయగలిగింది ఏమీ లేదు.

ఇందుమతి ఆ పిల్లకు రాయడం నేర్పడానికి కూర్చుంది. చేయూత బడిలో చేరికలు ముగిసేలోపు ఒక్క వాక్యం చాలు. ‘నాకు తెలివి వద్దు.’ నవనీతకు అక్షరాలు పట్టుబడవు. అక్షరానికీ శబ్దానికీ ముడి వేయడం ఆ తలకు చేతకాదని ఇందుమతికి తెలుసు. కానీ ఆ చేతులు ఊరికే లేవు. తల్లి పక్కన కూర్చుని తునికాకు మీద రేకు అచ్చు పెట్టి, దాని చుట్టూ కత్తెర తిప్పడం ఎప్పుడో నేర్చుకుంది. ఆ దారినే వెళ్లింది ఇందుమతి. అట్టతో అక్షరాలు కోసింది. వాటి అంచు చుట్టూ పెన్సిల్ తిప్పించింది. అట్ట తీసేసి గీయించింది. తల ఎక్కించుకోలేనిది చెయ్యి పట్టుకుంటుంది, మనసు పనిచేసే తీరుల్లో అదీ ఒకటి. వారాలు గడిచాయి. ఆ వారాలన్నీ రోడ్డు దాటడం నేర్చుకోవలసినవి. ఎడమవైపు చూడటం అట్లాగే ఉండిపోయింది, ఈలోపు కుడివైపు చూడటం కూడా మరిచిపోయింది.

చివరికి చెయ్యి నేర్చుకుంది. తాను రాస్తున్నదేమిటో నవనీతకు తెలియదు. మేడం రాయమంటోంది కాబట్టి మంచిదే అయి ఉంటుందని నమ్మింది. ప్రతిసారీ రాసి, తలెత్తి, ఇందుమతి ముఖంలోకి చూసి నవ్వేది. తనకు తెలివి వద్దని తనకే తెలియకుండా ఒక పసిదాని చేత రాయిస్తున్నందుకు ఇందుమతికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా రాయించింది. బడి దక్కాలంటే వేరే దారి లేదు.

కమిషనర్ గారి గదిలో, అందరి ముందూ, నవనీత రాసింది. నాలుక కొస బయటపెట్టి, చాలాసేపు, ఒక్కో అక్షరాన్నీ బొమ్మలా గీసింది. స్వరూప గుమ్మం దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. రాయడం అయిపోయింది. నరహరి రావు కాగితం తీసుకుని కళ్లద్దాలు పైకెత్తి చదివాడు, దించి చదివాడు.

“సార్, రాసింది” అన్నాడు.

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. “ఏమీ రాయరాని పిల్ల. ఉత్తర్వు వెలువడి కొన్ని వారాలే అయింది. పూర్తి వాక్యం రాసింది” అన్నారు. “తెలివి వచ్చింది నరహరి రావు గారూ, వచ్చేసింది. కాస్త ఆలస్యమైందంతే.”

ఇందుమతి బల్ల దగ్గరికి వచ్చింది. “సార్, ఆ పిల్ల బొమ్మ గీసినట్టు గీసింది. దాంట్ల ఏమున్నదో ఆమెకు తెలువది. మేం చెప్పినట్టు చేసింది, అంతే.”

“ఈ ఆఫీసులో సంతకాలన్నీ అట్లాగే పడతాయమ్మా” అన్నారు కమిషనర్ గారు దయగా. “దాన్ని ఎవరూ తెలివి తక్కువ అనలేదు.”

“కాని సార్, అద్దని రాసింది కద. రూల్ ప్రకారం వాపస్ తీసుకోవాలె కద.”

నరహరి రావు నొచ్చుకున్నాడు. “తెలివి లేనోళ్లు గద వదులుకునేది. గిప్పుడు తెలివొచ్చిందని రుజువాయె. ఉన్నదాన్ని వదులుకునేటందుకు రూల్ లేదమ్మా. అయినా తెలివి అద్దని చెప్పాలంటే ఎంత తెలివుండాలె, ఆలోచించిన్రా?”

వినతి తిరస్కరించబడింది. అర్హులైన పిల్లలు రాష్ట్రంలో ఎవరూ మిగలనందున చేయూత బడిని మూసేశారు. ఆ గదులను పథకం విజయోత్సవ కమిటీకి కేటాయించారు.

టౌన్‌హాల్లో సభ జరిగింది. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ మీద నవనీత దస్తూరిని మనిషెత్తున అచ్చు వేయించారు. ‘నాకు తెలివి వద్దు.’ దాని కింద ముఖ్య అతిథి, కమిషనర్, నరహరి రావు వరుసగా కూర్చున్నారు. మనుషులందరూ సమానులని పెద్దలు చెప్పారే గానీ చేసి చూపించింది మన శాఖేనని ముఖ్య అతిథి అన్నారు. తెలివిలో తేడాలెందుకన్న ప్రశ్న ఇక చరిత్రలో కలిసిపోయిందని, అసలు తేడాయే లేనప్పుడు కారణం వెతకడం దండగని కమిషనర్ గారు అన్నారు. మహేందర్ వందన సమర్పణ చేశాడు. నవనీతకు శాలువా కప్పారు. జనమంతా చప్పట్లు కొడితే ఆ పిల్ల కూడా చప్పట్లు కొట్టింది.

ఇందుమతికీ ఒక జ్ఞాపిక ఇచ్చారు. ఇంత సాధించి ముఖం అట్లా పెట్టారేమిటని నరహరి రావు అడిగాడు. మొదటి వరసలో స్వరూప కూర్చుని ఉంది, ఆమె వైపు చూసే ధైర్యం ఇందుమతికి లేకపోయింది.

నవనీత శాలువా ఈడ్చుకుంటూ వేదిక మీద అందరి ముందునుంచీ నడిచి ఇందుమతి దగ్గరికి వచ్చింది, చెయ్యి పట్టుకుంది. మైకు దగ్గర్లోనే ఉండటంతో ఆ నెమ్మది మాట హాలంతా వినపడింది.

“మేడం, రేపు బడి ఉన్నదా?”

చప్పట్లు ఆగిపోయాయి. కమిషనర్ గారు నరహరి రావు వంక చూశారు, నరహరి రావు ఫ్లెక్సీ వంక చూశాడు. ఉత్తర్వు ప్రకారం ఆ సభలో అందరి తెలివీ సమానం. ఆ పిల్లకు జవాబు చెప్పగలిగినవాళ్లు మాత్రం అందులో ఒక్కరూ లేరు.